యూదుల ఇంటి సామాన్ల సమీక్ష: మెరుగు సరే, పనికొస్తాయా?

చేతులు కడుక్కునే చెంబు కొనేటప్పుడు ముందు చూడాల్సింది దాని అంచు. వెండి పూత తర్వాత, చెక్కడం తర్వాత, జెరూసలేం గోడ బొమ్మ ఆ తర్వాతెప్పుడో. చెంబును చదునైన బల్ల మీద బోర్లించండి. అంచు చుట్టూతా బల్లకి ఆనాలి. ఎక్కడైనా సందు కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేసి ఇంకోటి తీసుకోవచ్చు. అంచుకు నొక్కు ఉంటే ఆ నొక్కుకు పైనున్న భాగంలో నీళ్లు నిలవవు. నీళ్లు నిలవని భాగం హలఖా, అంటే యూదుల ధర్మశాస్త్రం, లెక్కలో పాత్ర కాదు. అంచుకంటే పైకి లేచిన ముక్కు ఉన్నా అదే చిక్కు. రొట్టె తినేముందు చేతుల మీద పోసే నీళ్లు పాత్రలోంచే పడాలి, ముక్కులోంచి పడితే పాత్రలోంచి పడినట్టు కాదని పండితులు అంటారు.

ఈ చెంబుని నట్లా అంటారు. రెండు పిడులు ఉంటాయి. పిడులు తప్పనిసరేం కాదు, సౌకర్యం కోసమే. ఒక చేత్తో పట్టుకున్న పిడిని ఇంకో చెయ్యి తాకకుండా చెంబు మార్చుకోవచ్చు. తప్పనిసరి లక్షణాలు వేరే ఉన్నాయి. అడుగున చిల్లు ఉండకూడదు. చెంబు ఏ ఆసరా లేకుండా నిలబడాలి. కనీసం ఒక రెవీఇత్ పట్టాలి. ఆ కొలత ఒక లెక్కన 86 మిల్లీలీటర్లు, ఇంకో లెక్కన 150. కనీసపు కొలతతో ఆగిపోతే మాత్రం ప్రతి చేతికీ మళ్లీ కుళాయి దగ్గరికి పోవాలి. ముప్పావు లీటరుకు తగ్గకుండా కొంటే ఒక్క నింపుతో రెండు చేతులూ అయిపోతాయి.

వాడే తీరు ఇదీ. ముందు ఉంగరాలు తీసెయ్యాలి, గోళ్ల కింద పిండి ఉంటే తీసెయ్యాలి, ఎందుకంటే నీళ్లు చర్మానికి తగలాలి. చెంబు నింపి ఎడమ చేతిలోకి మార్చి, కుడి చేతి మీద మణికట్టు దాకా రెండుసార్లు పొయ్యాలి. తర్వాత చేతులు మార్చి ఎడమ చేతి మీద రెండుసార్లు. కొందరు మూడుసార్లు పోస్తారు. ఆపైన చేతులెత్తి బెరఖా అనే స్తుతివాక్యం చెప్పి, తుడుచుకుని, రొట్టె నోట్లో పడేదాకా మాట్లాడకుండా ఉండాలి. కుళాయి కింద చేతులు పెడితే చాలదా అని కొత్తవాళ్లందరూ అడుగుతారు. చాలదు. నీళ్లు మనిషి చేతి బలంతో పడాలి, కుళాయిలోంచి వాటంతటవి కారేవి లెక్కకు రావు. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నా ఈ పని చేస్తారు. ఒకప్పుడు జెరూసలేం దేవాలయంలో యాజకులు కడుక్కున్నట్టు మామూలు మనిషి తన భోజనబల్ల దగ్గర కడుక్కుంటాడు. క్రీ.శ. 70లో ఆలయం కూలాక బలిపీఠం చేసే పని ఇక మనిషి బల్లే చేస్తుందని, పాతకాలం యూదు పండితుల చర్చల గ్రంథమైన తాల్ముద్ మాట. రొట్టెను ఉప్పులో అద్దడం కూడా అక్కడిదే. బలులన్నిటికీ ఉప్పు వెయ్యాలని లేవీయకాండంలో ఉంది కదా.

ఈ సామాన్లకు మార్కులు ఎలా వెయ్యాలో కూడా ఇక్కడే తేలిపోతుంది. లోకాన్ని వదిలేసి కొండెక్కితే దేవుడు దొరుకుతాడనే దారి యూదు ఆలోచనలో పెద్దగా నడవలేదు. తినడం, అమ్మడం, కొనడం, పడుకోవడం, వీటినే సరిగ్గా చేస్తే అదే సేవ. 18వ శతాబ్దంలో బాల్ షెమ్ తోవ్ అనే గురువు మొదలుపెట్టిన హసీదీ భక్తి ఉద్యమం దీనికి అవోదా బెగష్మియూత్ అని పేరు పెట్టింది. అంటే దేహంతో, వస్తువులతో చేసే ఆరాధన. కాబట్టి వస్తువు పని చెయ్యకపోతే ఎంత అందంగా ఉన్నా దండగే. అందం వద్దని కాదు. ఆజ్ఞను అందంగా నెరవేర్చడానికి మామూలు ధర మీద మూడో వంతు దాకా ఎక్కువ పెట్టవచ్చని తాల్ముద్ పరిమితి కూడా చెప్పింది. కానుకల కొట్లలో చాలా సరుకు ధరలో ఆ మూడో వంతు ఎప్పుడో దాటేస్తుంది, అసలు పని మాత్రం చెయ్యదు.

ఇక ప్లాటా. ఈ సమీక్షలో అన్నిటికంటే వికారంగా ఉండేది, అన్నిటికంటే ఎక్కువ మార్కులు కొట్టేసేది ఇదే. ఒక లోహపు పలక, కింద వేడి తీగ, వెనక ఒక వైరు. అంతే. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు పెడితే శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేదాకా, అంటే 25 గంటల పాటు, ఒకే వేడిలో ఉంటుంది. ఈ వ్యవధే షబ్బాత్, యూదుల వారపు విశ్రాంతి దినం. ఆ నాడు నిషిద్ధమైన 39 రకాల పనుల్లో నిప్పు వెలిగించడం, ఆర్పడం, వండడం ఉన్నాయి. తిండి మాత్రం వేడిగా ఉండాలి, ఎందుకంటే ఆ రోజు సుఖంగా తినడం కూడా విధే. ఈ రెంటికీ మధ్య రాజీ కుదిర్చేది ఈ పలక.

దీనికి వేడి పెంచే మీట ఉండదు. లోపంలా కనిపిస్తుంది గానీ దీని అసలు గుణం అదే. పొయ్యిలో బొగ్గులు కదిలించి మంట పెంచుతాడేమోనన్న భయంతోనే పాతకాలం ఆచార్యులు షబ్బాత్ నాడు పొయ్యి మీద గిన్నె ఉంచడానికి షరతులు పెట్టారు. మీట లేని పలక మీద కదిలించడానికి ఏమీ లేదు. వేడి తగ్గించి పెంచే చక్రం ఉన్న మామూలు ఎలక్ట్రిక్ పొయ్యిని 'షబ్బాత్‌కి కూడా పనికొస్తుంది' అని అమ్మితే కొనకండి. గ్యాసు పొయ్యే ఉన్నవాళ్లు మంటనూ మీటలనూ కప్పే లోహపు రేకు వేస్తారు, దాన్ని బ్లెఖ్ అంటారు. అదీ పనికొస్తుంది గానీ రాత్రంతా కింద మంట వెలుగుతూనే ఉంటుంది.

కొన్నాక వెంటనే షబ్బాత్‌కి వాడకుండా, మామూలు రోజున ఒక పరీక్ష చెయ్యండి. ఒకే సైజు స్టీలు గ్లాసుల్లో సమంగా నీళ్లు పోసి, మూతలు పెట్టి, మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు ఉంచాలి. రెండు గంటల తర్వాత థర్మామీటరుతో చూడాలి. వేడి తీగ అంచుల దాకా వెళ్లదు కాబట్టి మూలల్లో నీళ్లు తప్పకుండా చల్లగా ఉంటాయి. ఎంత చల్లగా అన్నదే ప్రశ్న. హలఖా దృష్టిలో ద్రవం 45 డిగ్రీలు దాటితే 'చెయ్యి వెనక్కి లాక్కునే వేడి', వంట లెక్క అక్కడ మొదలవుతుంది. కడుపు లెక్క వేరు. రాత్రంతా నిలవుంచే మాంసం 60 డిగ్రీలకు తగ్గితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. మూల 60 దాటకపోతే అక్కడ రొట్టెలు వేడి చేసుకోవచ్చు, కోడికూర పెట్టకూడదు.

రాత్రంతా ఉడికే హమీన్, దీన్నే చోలెంట్ అంటారు, మాడిపోతోందని చాలామంది ప్లాటాను తిడతారు. తప్పు సాధారణంగా మూతది. మూత వదులైతే ఆవిరి పోతుంది, తెల్లారేసరికి అడుగంటుతుంది. అప్పుడు నీళ్లు పోద్దామంటే షబ్బాత్‌లో అది మళ్లీ వంట ప్రశ్న. కాబట్టి శుక్రవారమే గింజలూ మాంసమూ మునిగి పైన రెండు వేళ్ల మందం నీళ్లుండేలా చూడాలి, మూత బిగువుగా ఉన్న బరువైన గిన్నె వాడాలి, పలక మధ్యలో కాకుండా కాస్త పక్కకు పెట్టాలి. గిన్నె పొద్దు కుంకక ముందే ఉడికిపోయి ఉండటం మంచిది. వేడి పోకుండా గిన్నెని తువ్వాలుతో మొత్తం చుట్టేస్తారు కొందరు. అది హత్మానా అనే వేరే నిషేధం కిందికి వస్తుంది. పైన మూత మీద మాత్రం కప్పి పక్కలు వదిలేస్తే ఇబ్బంది లేదు.

గిన్నె దించి వడ్డించాక తిరిగి పెట్టాలంటే అది పూర్తిగా ఉడికి ఉండాలి, ఇంకా వేడిగా ఉండాలి, తిరిగి పెడదామనే ఉద్దేశంతోనే దించి ఉండాలి, చేతిలోంచి వదలకుండా ఉంటే మరీ మంచిది. ఫ్రిజ్‌లోంచి తీసిన పదార్థం సంగతి మీ సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా ఉడికిన, రసం లేని తిండిని చల్లగా ఉన్నా నేరుగా ప్లాటా మీద పెట్టవచ్చని సెఫార్దీల (స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాల యూదుల) పెద్ద రబ్బీ, అంటే మతగురువు, ఒవాదియా యోసెఫ్ (1920–2013) అనుమతించారు. అష్కెనాజీల్లో (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదుల్లో) చాలామంది మధ్యలో ఒక పళ్లెం బోర్లించి దాని మీద పెడతారు. చల్లారిన చారూ పులుసూ లాంటివాటిని వేడి చెయ్యడం కుదరదు, ఎందుకంటే ద్రవాన్ని తిరిగి వేడి చేస్తే మళ్లీ వండినట్టే.

టైమరు గురించి ఒక హెచ్చరిక. చవక టైమర్లు గంటల తరబడి ఈ లోడు మోస్తే లోపలి కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. పలక మీద రాసిన వాట్లకు సరిపడే టైమరే తీసుకోండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. చెక్క గట్టు మీద పెట్టకండి, పైన గుడ్డలు వేలాడనివ్వకండి. 2015 మార్చిలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో షబ్బాత్ కోసం ఉంచిన హాట్ ప్లేట్ నుంచి మంటలు లేచి ఒకే ఇంటి పిల్లలు ఏడుగురు చనిపోయారు. ఆ ఇంట్లో పొగ అలారం నేలమాళిగలోనే ఉందని అక్కడి అగ్నిమాపక శాఖ చెప్పింది. వంటింట్లో, పడక గదుల అంతస్తులో అలారాలు లేకుండా ప్లాటా వాడకండి. పొగ వస్తే ప్లగ్గు పీకడానికీ ఫోను చెయ్యడానికీ ఏ రబ్బీనీ అడగక్కర్లేదు. ప్రాణం కాపాడటం ముందు షబ్బాత్ నియమాలు పక్కకు తప్పుకుంటాయి.

షబ్బాత్ మొదట్లో ద్రాక్షారసం మీద స్తుతి చెప్పడానికి వాడే కిద్దూష్ గిన్నె గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 86 మిల్లీలీటర్లు పట్టాలి, శుక్రవారం రాత్రికి 150 పట్టేది ఉంటే నయం. సన్నని కాడ మీద బరువైన గిన్నె ఉండే రకం పిల్లలున్న బల్ల మీద నిలబడదు. షబ్బాత్ కొవ్వొత్తులు శుక్రవారం రాత్రి భోజనం ముగిసేదాకా వెలగాలి, కాబట్టి పెట్టె మీద ఎన్ని గంటలని రాశారో చూసి కొనండి. వెలిగించేది సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, జెరూసలేంలో 40 నిమిషాల ముందు.

యూదుల వస్తువని ఎవరూ అనుకోనిది, ఈ జాబితాలో తప్పక ఉండాల్సినది వంటింటి కాటా. రొట్టె పిండి కలిపినప్పుడు అందులో చిన్న ముద్ద తీసి పక్కన పెట్టాలి, దాన్నే ఖల్లా తీయడం అంటారు. ఒకప్పుడు యాజకులకిచ్చేవారు, ఇప్పుడు కాల్చేస్తారు. పిండి బరువు సుమారు 1,200 గ్రాములు దాటితే బెరఖా లేకుండా తీస్తారు, 1,666 గ్రాములైతే బెరఖాతో. ఈ రెండు అంకెల మధ్య పిండిని కంటితో చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. రెండు కిలోలకే ఆగిపోయే చిన్న కాటాలతో గిన్నె బరువు కలిపితే చాలదు. అయిదు కిలోలు తూచేది, గిన్నె బరువును సున్నా చేసే మీట ఉన్నది తీసుకోండి. తూచేది పొడి పిండి, కలిపిన ముద్ద కాదు. ఈ తప్పు చాలా తరచుగా జరుగుతుంది.

గుమ్మానికి బిగించే మెజూజా దగ్గరికి వస్తే, కొట్లో మీ కంటికి కనిపించేది మెజూజా కాదు, దాని తొడుగు. మెజూజా అంటే లోపల చుట్టి ఉండే చర్మపత్రం. గాజు తొడుగుకి డబ్బంతా పోసి, లోపల అచ్చు వేసిన కాగితం పెట్టుకుని తిరిగే ఇళ్లు బోలెడు. అచ్చు కాగితం చెల్లదు. తినదగిన జంతువు తోలుతో చేసిన పత్రం మీద, ఈక కలంతోనో రెల్లు కలంతోనో, నల్ల సిరాతో, సోఫర్ అనే లేఖకుడు చేత్తో రాయాలి. ద్వితీయోపదేశకాండంలోని రెండు భాగాలు (6:4–9, 11:13–21) 22 పంక్తుల్లో, 170 మాటల్లో, 713 అక్షరాల్లో పడతాయి. అందులో ఒక్క అక్షరం పోయినా మొత్తం పోయినట్టే.

అక్షరాలు వరుసగా రాయాలన్న నియమం అన్నిటికంటే కఠినం. మూడో పంక్తిలో ఒక అక్షరం మరిచిపోయి ఇరవయ్యో పంక్తిలో గుర్తొస్తే, వెనక్కి వెళ్లి ఇరికించడానికి లేదు. ఆ మూడో పంక్తి తర్వాత రాసినదంతా వృథా. రెండు అక్షరాలు ఒకదానికొకటి తగలకూడదు, ప్రతి అక్షరం చుట్టూ ఖాళీ తోలు ఉండాలి. సిరా మరక పడి అక్షరం రూపు చెడితే, చుట్టూ గీకి ఆ రూపం తెప్పించడం కుదరదు, ఎందుకంటే గీకడం రాయడం కాదు. రూపు అటూ ఇటూగా ఉంటే ఒక ముచ్చటైన పరీక్ష ఉంది. అక్షరాలు వచ్చిన, మరీ తెలివైనవాడూ మరీ మందబుద్ధీ కాని చిన్నపిల్లాడిని పిలిచి చూపిస్తారు. వాక్యం తెలిసినవాడు ఊహించి చదివేస్తాడు కాబట్టి, పిల్లాడు చూసినదే చెబుతాడు కాబట్టి. దాలెత్, రేష్ దాదాపు ఒకేలా ఉండే హీబ్రూ అక్షరాలు. దాలెత్ ఉండాల్సిన చోట వాడు 'దాలెత్' అంటే దాలెతే, 'రేష్' అంటే ఆ పత్రం పక్కన పెట్టాల్సిందే.

కంప్యూటరు తనిఖీ అయిందని ముద్ర వేసి అమ్ముతారు. మంచిదే, కానీ సగమే. స్కానరు తప్పిపోయిన మాటనూ రెండుసార్లు పడిన అక్షరాన్నీ మనిషికంటే బాగా పట్టుకుంటుంది. గీకి చేసిన అక్షరాన్ని, వరుస తప్పి తర్వాత ఇరికించిన అక్షరాన్ని అది పట్టుకోలేదు. మనిషి తనిఖీ కూడా అయిందా, ఎప్పుడు అయింది, లేఖకుడికి ధ్రువపత్రం ఉందా అని అడగండి. జవాబు తడబడితే తొడుగు ఎంత బాగున్నా వెనక్కిచ్చెయ్యండి. తొడుగు కొనేటప్పుడు లోపలి పొడవు కొలవండి. పత్రం 12 సెంటీమీటర్లుంటే తొడుగు లోపల అంతకు కాస్త ఎక్కువే ఉండాలి. మడిచి దూర్చిన పత్రం మీద మడత దగ్గర సిరా పగులుతుంది. పత్రాన్ని ఎడమ చివరి నుంచి మొదటి వైపుకు చుట్టాలి, మడవకూడదు. బయటి తలుపుకి వాన కారని తొడుగు కావాలి. నేరుగా ఎండ పడే చోట లోహపు తొడుగు కాలి, లోపల సిరా ఎండి పెళుసవుతుంది.

బిగించడం పది నిమిషాల పని. లోపలికి వెళ్తుంటే కుడిచేతి వైపున్న ద్వారబంధానికి, ఎత్తులో పై మూడో వంతు మొదలయ్యే చోట. గుమ్మం 210 సెంటీమీటర్లుంటే నేల నుంచి 140 దగ్గర. బయటి అంచు నుంచి ఒక బెత్తెడు లోపు, అంటే 8 సెంటీమీటర్లలోపు. పైనా కిందా రెండు చోట్లా మేకుగానీ గట్టి టేపుగానీ వెయ్యాలి, పైన మాత్రమే బిగించి వేలాడదీస్తే చెల్లదు. నిలువుగా పెట్టాలని బైబిలు, తాల్ముద్ వ్యాఖ్యాత రాషీ (1040–1105) అన్నాడు, అడ్డంగా పెట్టాలని ఆయన మనవడు రబ్బేనూ తామ్ అన్నాడు. అష్కెనాజీలు పై కొస గది వైపుకు ఒరిగేలా ఏటవాలుగా పెట్టి తాతనీ మనవణ్నీ ఇద్దరినీ సంతోషపెట్టారు. సెఫార్దీలు నిలువుగానే పెడతారు. నాలుగు మూరల పొడవూ వెడల్పూ లేని గదికి అవసరం లేదు, స్నానాల గదికి పెట్టరు. ఇజ్రాయెల్ బయట అద్దె ఇంటికి 30 రోజుల గడువుంది. ఏడేళ్లలో రెండుసార్లు తీసి తనిఖీ చేయించాలి.

'ఇంటికి రక్షణ' అని మెజూజాను తాయెత్తులా అమ్మేవాళ్లకు ఒక మాట. లోపల దేవదూతల పేర్లు రాసేవాళ్లను ధర్మశాస్త్ర పండితుడు మైమోనిదీస్ 12వ శతాబ్దంలోనే గట్టిగా దులిపేశాడు. గడప దాటే ప్రతిసారీ మనిషికి తన పనుల మధ్యలో ఒకటి గుర్తుకు రావడం కోసం అది ఉంది, ఇంటి గోడలకు కాపలా కోసం కాదన్నది ఆయన వాదం.

చివరికి వచ్చేముందు ఒక చిన్న కార్డు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక చేతులు కడుక్కుని చెప్పే అషెర్ యాత్సార్ అనే బెరఖా అచ్చు వేసి ప్లాస్టిక్ పూత వేసి అమ్ముతారు. దేహంలో రంధ్రాలూ గొట్టాలూ చేసినవాడికి స్తుతి, వాటిలో ఒకటి తెరుచుకున్నా మూసుకున్నా నిలబడటం కష్టమని దాని అర్థం. యూదు ఆలోచన ఎంత నేల మీద ఉంటుందో తెలియాలంటే ఇదొక్కటి చాలు. దీన్ని మరుగుదొడ్డి తలుపుకి బయటి వైపు పెట్టాలి, లోపల పెట్టే కార్డు కొన్న డబ్బు నీళ్లలో పోసినట్టే. అక్షరాలు చేతి దూరంలో చదవగలిగేంత పెద్దవి ఉన్నాయో లేదో చూసుకోండి.

షబ్బాత్ ముగింపుకి వాడే హవ్దలా సెట్టులో నాలుగు వస్తువులుంటాయి: గిన్నె, పళ్లెం, కొవ్వొత్తి, సుగంధాల పెట్టె. క్రమం ద్రాక్షారసం, సుగంధం, నిప్పు, చివరికి హవ్దలా బెరఖా. కొవ్వొత్తికి కనీసం రెండు వత్తులుండాలి. జడలా కనిపించేలా మూసలో పోసి మధ్యలో ఒకే వత్తి పెట్టే రకం కూడా అమ్ముతున్నారు. కొనేముందు తలకిందులు చేసి అడుగున ఎన్ని వత్తులు తేలాయో లెక్కపెట్టండి. వెలుగులో గోళ్లు చూసుకుంటారు కాబట్టి పొగ ఎక్కువగా వచ్చే చవక మైనం వద్దు. మిగిలిన రసంలో ముంచి ఆర్పడానికి పళ్లేనికి అంచు ఉండాలి, చదునైన పళ్లెం అయితే బల్లగుడ్డ ఎర్రబడుతుంది.

సుగంధాల పెట్టె మాత్రం ఈ సెట్లన్నిటికీ గండం. షబ్బాత్‌తో వచ్చిన అదనపు ఆత్మ వెళ్లిపోతున్నప్పుడు మనిషిని సేదదీర్చేది వాసన. దేహం కాదు, ఆత్మ ఆస్వాదించేది వాసనేనని తాల్ముద్ అంటుంది. ఆ వాసన దినుసులుండే పెట్టెను అలవాటుగా గోపురంలా చేస్తారు, పైన జెండా, చుట్టూ కిటికీలు. చూడ్డానికి చక్కగానే ఉంటుంది. ఆ కిటికీల్లో సగం ఉత్త గీతలే, రంధ్రాలు కావు. ముక్కు దగ్గర పెట్టుకుంటే లోహపు వాసన వస్తుంది. వాసన రానిదాని మీద బెరఖా చెప్పడానికి లేదు. లవంగాలూ దాల్చినచెక్కా కొన్ని నెలల్లో ఘాటు కోల్పోతాయి, అప్పుడు మార్చాలి. చాలా గోపురాలకు అడుగు అతికించేసి ఉంటుంది, తెరుచుకోవు. కొట్లోనే అడుగు తిప్పి చూడండి, తిరగకపోతే మూతున్న చిన్న గాజు సీసాలో రెండు చెంచాల లవంగాలు పోసుకుంటే ఇంతకంటే బాగా పనిచేస్తుంది.